బండి ఆగిన సోమవారం

మా కంపెనీని ఎవరో కొనేశారన్న కబురు నాకు ఆఫీసులో తెలియలేదు. ఛత్రినాక నుంచి హైటెక్ సిటీకి పోయే బస్సులో, రాడ్డు పట్టుకుని నిలబడి ఉండగా, ఎప్పుడో కాలేజీలో కలిసి చదివినావిడ అభినందనలు పంపితే తెలిసింది. దేనికమ్మా అని అడిగితే వార్త పంపింది. దేశదేశాల్లో కంప్యూటర్లున్న ప్రతిచోటా ఏదో ఒక మూల కనబడే పెద్ద కంపెనీ మమ్మల్ని పేరుతో సహా మింగేసిందట. నాకు ఒళ్లు మండింది. పదేళ్లకు పైగా రెండు బస్సులు మారి పోయి పనిచేసినదాన్ని, నా ఇంటి సంగతి ఊళ్లోవాళ్లు నాకు చెప్పాలా?

ఆఫీసుకు వెళ్లేసరికి కేకు కోస్తున్నారు. ఇది మనందరికీ గొప్ప అవకాశం అన్నాడు మా మేనేజరు. ఆయన అవకాశం అన్నప్పుడల్లా మా ఫ్లోరులో ఒకటో రెండో కుర్చీలు ఖాళీ కావడం నేను చూస్తూనే ఉన్నాను. కేకు ముక్క తీసుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు.

మాది పాల వ్యాపారం చేసుకునే ఇల్లు. వెనక కొట్టంలో బర్రెలు, నాన్న పోయాక అన్ననే అన్నీ చూసుకుంటున్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెబితే, క్యాన్లు కడుగుతున్న అమ్మ చేయి ఆపి అడిగింది: "కంపెనీని కొన్నరు సరే బిడ్డా, మిమ్మల్ని గూడ కలిపే కొన్నరా?" నేను నవ్వేసి లోపలికి పోయాను.

మేము చేసేది ఆసుపత్రుల మందుల సాఫ్ట్‌వేర్. ఏ మందు ఎంత ఉంది, ఏది గడువు దాటబోతోంది, ఏ రోగికి ఏది ఇవ్వకూడదు, అన్నీ అది చూసుకుంటుంది. దాని మొదటి తెర నుంచి చివరి తెర దాకా నేను దగ్గరుండి కట్టాను. నాతో ఇంకో ఎనిమిది మంది. మమ్మల్ని కొన్నవాళ్ల దగ్గరా సరిగ్గా అలాంటిదే ఒకటుంది. ఒక పనికి రెండు సాఫ్ట్‌వేర్లు ఎవరూ మేపరు. ఒకటి ఉంటుంది, ఒకటి మూతపడుతుంది. ఏది ఉండాలో తేల్చడానికి వాళ్ల మనుషులకు మాది చూపించాలి. నెగ్గితే తొమ్మిది మందిమీ ఉంటాం, ఓడితే ఎవరి దారి వాళ్లది. ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ, మాకందరికీ అలాగే అర్థమైంది. మాలో ఒకతను కొత్తగా ఇల్లు కొన్నాడు, ఒకమ్మాయికి నెలలు నిండుతున్నాయి. క్యాంటీన్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. చూపించేది నేనే కాబట్టి అందరూ నా మొహంలోకి చూసేవారు. ఆ చూపులకే నాకు చిరాకొచ్చేది.

చూపించే రోజు మంగళవారం అనుకున్నాం. ఆదివారం మా పాతబస్తీ బోనాలు. అమ్మకు మోకాళ్లు పనిచేయడం లేదని ఈసారి ఇంటి బోనం నేనెత్తుకున్నాను. గుడి దాకా నెత్తిన కుండ, మనసులో మంగళవారం. సోమవారం ఊరేగింపు అయ్యాక సర్దుకుని మంగళవారం పొద్దున్నే ఆఫీసుకు పోవాలని నా లెక్క.

సోమవారం పొద్దున్న మేనేజరు ఫోన్. చూసేవాళ్లకు మంగళవారం కుదరదట, ఈరోజే మధ్యాహ్నం పెట్టుకుందామన్నారట, ఆయన సరేనన్నాడట. మీ క్యాలెండర్‌లో ఇవాళ ఏదో సెలవు కనబడుతోందే అని వాళ్లు అడిగారట కూడా. బోనాలేగా, అవి పోయిన వారమే అయిపోయాయని ఈయన చెప్పాడు. ఆయనది సికింద్రాబాద్. అక్కడి బోనాలు ఒక వారం ముందు. వాళ్ల అమ్మవారికి మొక్కేసి, చేతులు కడుక్కుని, ఊరందరికీ పండగ అయిపోయిందనుకున్నాడు మహానుభావుడు. మూసీకి ఇవతల కూడా మనుషులుంటారనీ, వాళ్లకూ ఒక ఆదివారం ఉంటుందనీ తోచలేదు. ఇక్కడ ఇవాళ దారులన్నీ మూసేస్తారు సార్, నేను గల్లీ దాటి రాలేను, వాళ్లకు చెప్పి రేపటికి మార్చండి అన్నాను. కొన్నవాళ్లను మొదటిసారే వాయిదా అడిగితే ఏమనుకుంటారు, ఇంటి నుంచే చేసేయండి అన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయన తగ్గించాడు. చివరికి ఏమీ మారలేదు.

ఇంటి నుంచి చేయడానికి అడ్డం ఒక్కటే, బోనాల మర్నాడు అమ్మవారినీ నైవేద్యాలనూ ఊరేగించే మా గల్లీ ఫలహారం బండి. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది. కానీ ఇంటర్నెట్ తీగ ఎదుటి స్తంభం నుంచి గల్లీకి అడ్డంగా మా డాబా మీదికి వస్తుంది. అమ్మవారి బండి ఎత్తు ఉంటుంది కాబట్టి, ముందు నడిచేవాళ్లు పొడుగు కర్రలతో తీగలు లేపుతూ పోతారు. కర్రకు లేవని తీగను కోసేస్తారు, మర్నాడు కేబులాయన వచ్చి అతికిస్తాడు. ఏటా ఇదే పద్ధతి, ఎవరూ ఏమీ అనుకోరు. ఈసారి పక్క గల్లీ బండికన్నా మనది ఎత్తుండాలని పంతం పట్టి దాని అలంకరణ రెండు వరసలు పెంచింది ఎవరయ్యా అంటే, మా అన్న. నాన్న కాలం నుంచీ బండి బాధ్యత మా ఇంటిదే. ఆ ఎత్తుకు మా తీగ తెగక తప్పదు. ఫోన్ సిగ్నల్ మీద చేద్దామా అంటే, జనం పోగైతే అది నత్తనడక.

కిందికి దిగి అన్నను పట్టుకున్నాను. మొహమంతా పసుపు, చేతిలో తాడు, బండికి వేపకొమ్మలు కడుతున్నాడు. సంగతి చెప్పి, మధ్యాహ్నం కాసేపు బండిని మన గల్లీలోకి రానివ్వకు అన్నాను.

తాడు వదిలేసి నావైపు చూశాడు. "అమ్మవారి బండిని ఆపమంటున్నవా? నీ కంప్యూటర్ కోసం?"

పక్కనే ఉన్న అమ్మ నన్ను నోరు కడుక్కొమ్మంది. నేనూ ఆగలేదు. "తొమ్మిది మంది కడుపులన్నా. అమ్మవారు గూడ గదే జెప్తది" అన్నాను. అమ్మవారి తరఫున మాట్లాడటానికి నేనెవర్ని? భయం అట్లా మాట్లాడించింది. అన్న మళ్లీ తాడు అందుకున్నాడు. నేను పైకొచ్చి తలుపేసుకున్నాను.

చెప్పిన వేళకు తెర మీద వాళ్లు ముగ్గురు ప్రత్యక్షమయ్యారు. ఇద్దరు కుర్రకుంకలు, మధ్యలో తెల్లజుట్టావిడ. అడిగేదంతా ఆవిడే. ఆవిడ మొహం చూస్తే ఏమనుకుంటోందో పసిగట్టడం ఎవరి తరమూ కాదు. నేను మొదలుపెట్టగానే బండి కూడా మొదలైంది. దూరంగా తీన్మార్ డప్పులు. మాట్లాడుతున్నంత సేపు నా చెవి ఒకటి గల్లీలోనే ఉంది. డప్పులు మా వీధి మలుపు దాకా వచ్చాయి. మలుపు తిరిగితే మా ఇల్లు నాలుగో గుమ్మం.

డప్పులు అక్కడే ఆగిపోయాయి. ఆగడమంటే మోత ఆగలేదు, కదలడం ఆగింది. ఎందుకో అప్పుడు నాకు తెలియదు, తర్వాత అమ్మ చెప్పింది. బండికి ముందు ఒక పెద్దాయన అలంకరించిన అమ్మవారి కుండను, అదే ఘటాన్ని, ఎత్తుకుని చెప్పుల్లేకుండా నడుస్తాడు. ఏ ఇంటి ముందుకొస్తే ఆ ఇంటి ఆడవాళ్లు వేపాకు, పసుపు కలిపిన నీళ్లు ఆయన కాళ్ల మీద పోసి సాక పెట్టి మొక్కుతారు. మామూలుగా ఒక ఇంటికి ఒక్కరు పోస్తారు. ఆ రోజు మా అన్న మలుపు దగ్గర నిలబడి, ఇంట్లో ఎంతమంది ఆడవాళ్లుంటే అంతమందినీ పిలిచి పోయించాడు. అత్తలు, కోడళ్లు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, ఎవర్నీ వదల్లేదు. సాక పెడతామంటే ఆగం అనే ధైర్యం ఎవరికుంటుంది? అమ్మవారిని ఆపకుండా అమ్మవారి బండిని ఆపాడు.

పైన నేను చూపిస్తూ పోయాను. తెల్లజుట్టావిడ తికమక పెట్టడానికే కూర్చుంది. గడువు దాటిన మందును బలవంతంగా ఎక్కించి చూడమంది, ఎక్కించాను, మా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోలేదు. ఇద్దరు రోగులకు ఒకే పేరు పెట్టమంది. మధ్యలో కనెక్షన్ పోతే లెక్క ఏమవుతుందని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక కన్ను కిటికీ మీదే ఉంచి జవాబు చెప్పాను. ప్రతిదీ చిన్నపిల్లలకు చెప్పినట్టు విడమరిచి చెప్పాను. ఒకచోట ఆవిడ, ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

అంతలో డప్పులు కదిలాయి. ఇళ్లలో ఆడవాళ్లు అయిపోయినట్టున్నారు. చూస్తుండగానే కిటికీ అద్దాలు అదరడం మొదలైంది. ఎదురుగా నిచ్చెన వేసుకుని ఒకాయన స్తంభమెక్కాడు, చేతిలో కటింగ్ ప్లేయర్. నిచ్చెన కింద అన్న, పైకి నావైపే చూస్తున్నాడు. నేను కెమెరాకు కనబడకుండా ఎడమచేయి చాచి ఆగమని సైగ చేశాను. అన్న నిచ్చెన మీదాయన కాలు పట్టుకున్నాడు. వెనక జనం అరుస్తున్నారు. తెల్లజుట్టావిడ ఆఖరి ప్రశ్న అడిగింది, చెప్పాను. తనకు కావలసిందంతా చూశానని, తమదానికన్నా ఇదే బాగుందని దాచుకోకుండా చెప్పి సెలవు తీసుకుంది. నేను కిటికీలోంచి చేయి ఊపాను. అన్న కాలు వదిలేశాడు. తీగ తెగింది. బండి మా ఇంటి ముందు నుంచి పోతుంటే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపు సంతోషమేనని ఆ రోజు అనుకున్నాను.

అన్నకు మాత్రం ఆ సాయంత్రమే మొదలైంది. మలుపు దగ్గర అంతసేపు నిలబడి ఘటం ఎత్తుకున్న పెద్దాయన కాళ్లు ఎండకు కాగిన రోడ్డు మీద బొబ్బలెక్కాయి. మా బండి ఆలస్యమై పక్క గల్లీ బండి మెయిన్ రోడ్డు మీద ముందు పోయింది. అసలు సంగతి ఎట్లా పొక్కిందో పొక్కింది. చెల్లెలి నౌకరీ కోసం అమ్మవారిని ఎండలో నిలబెట్టాడని గల్లీ పెద్దలు కూర్చోబెట్టి అడిగారు. అన్న అబద్ధమాడలేదు. వచ్చే ఏడు నుంచి బండి బాధ్యత ఇంకో ఇంటికి ఇచ్చేశారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, పోతే పోనీ, నీ పని అయింది గదా అన్నాడు. పాలు పోయడానికి పోయిన ప్రతి ఇంట్లో మా చెల్లె గెలిచిందని చెప్పుకున్నాడు.

గురువారం మేనేజరు పిలిచాడు. మన సాఫ్ట్‌వేరే ఉంటుంది, వాళ్లది మూసేస్తున్నారు అన్నాడు. నేను లేచి నిలబడబోయాను. ఆయన చేత్తో కూర్చోమన్నాడు. మనది అంత సులువుగా ఉంది కాబట్టి, అక్కడి వాళ్ల సొంత మనుషులే నడుపుకుంటారట. రెండు నెలలు వాళ్లకు నేర్పిస్తే చాలట, ఆ తర్వాత మన టీము అక్కర్లేదట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఆయన మొహమూ వాడిపోయి ఉంది. వాళ్లది ఎంచుకుని ఉంటే మన ఆసుపత్రులన్నింటినీ అందులోకి మార్చడానికి ఏడాదిన్నర పైనే పట్టేదనీ, ఆ పని మనం తప్ప ఇంకెవరూ చేయలేరనీ, అప్పుడు అందరం ఉండేవాళ్లమనీ తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆ అమ్మాయి పురిటికి పోయి తిరిగొచ్చేదాకైనా ఉండేవాళ్లం.

ఇంటికొచ్చేసరికి అన్న కొట్టంలో బర్రెలకు గడ్డి వేస్తున్నాడు. ఉద్యోగం పోతుందని ఒక్క ముక్కలో చెప్పేశాను. నమ్మలేదు. గెలిచినవంటివి గదా అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉంటుందన్నా, మేముండం అన్నాను. చేతిలోని గడ్డి మోపు కింద పెట్టి నావైపు తిరిగాడు.

"ఒక్కటి జెప్పు. ఆ రోజు నేను బండిని ఆపకుంటే, మధ్యల వైరు తెగిపోతే, గప్పుడు నీ నౌకరీ ఉంటుండెనా?"

మేనేజరు మాటలు నా చెవుల్లోనే ఉన్నాయి. అన్న మొహం చూశాను. చెవి వెనక ఇంకా కాస్త పసుపు పోలేదు.

"లేదన్నా. ఎట్ల జేసినా పోయేదే" అన్నాను.

"మరి నువ్వైతే మంచిగ చూపెట్టినవ్ గదా?"

"మస్తు చూపెట్టిన."

"గంతే. గట్లయితే ఫికర్ లేదు" అని, గడ్డి మోపు విప్పి బర్రె ముందు పరిచాడు.