ఆనపకాయలో దిగిన గోరు

విజయనగరం కూరల బజారులో అప్పలనరసయ్యగారి బొటనవేలి గోరుకు భయపడని కాయ లేదు. ఈ రిటైర్డు గుమాస్తాగారు ఆ గోటిని గుచ్చి, కాయ లేతో ముదరో తేల్చుకోనిదే కొనరు. మిగతా తొమ్మిది గోళ్ళనీ ఆదివారం ఆదివారం కత్తిరించేసినా, దీనికి మాత్రం పొద్దున్నే నువ్వులనూనె మర్దనా, సాయంత్రం నిమ్మచెక్క రుద్దుడూ తప్పవు. విశాఖ ఉక్కు కోసం ఊరేగింపులు జరుగుతున్న రోజులు కావడంతో, "విశాఖకి ఉక్కు ఎప్పుడొస్తాదో గానీ, నా వేలికి అప్పుడే వచ్చేసినాది" అని వీధి అరుగుల మీద చూపించుకునేవారు.

ఒకరోజు పౌడరు డబ్బా మూత లేపబోతే ఆ ఉక్కు కాస్తా అడ్డంగా చీలింది. "కత్తిరించీండి, మళ్ళీ పెరుగుతాది" అంది భార్య తాయారమ్మ. ఆయన వినలేదు. తన పొందూరు కండువా అంచు నుంచి సన్నటి పేలిక చింపి, తుమ్మబంకతో చీలిక మీద అతికించారు. అది ఆరేదాకా అన్నం కూడా ఆమె చేతే కలిపించుకున్నారు.

మర్నాడు బజారులో కూరలమ్మే పైడమ్మ గంప ముందు గొంతుకూర్చున్నారు. "నువ్వు గుచ్చిన కాయలు మరెవులూ కొన్నేదు బాబూ" అని ఆమె మొత్తుకుంటూండగానే ఒక ఆనపకాయను గట్టిగా నొక్కారు. కాయలోంచి ఊరిన నీటికి బంక కరిగిపోయింది. వేలు వెనక్కి వచ్చింది గానీ గోటిముక్క రాలేదు. పేలికతో సహా కాయలోనే నిలబడిపోయింది. పైడమ్మ దాన్ని పీకి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన అరచేతిలో పెట్టింది.

"కాయ లేతదే బాబూ. నీ గోరే ముదిరిపోనాది."