‘గాని’ తర్వాత

నందిగామలో ఎవరు కన్నుమూసినా ఫోటో ముందు ఏసురత్నం దగ్గరికే వస్తుంది. సెంటర్లో ఫ్లెక్సీల కొట్టు అతనిది. చుట్టూ పూలు, మూలన పావురం, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ. పది నిమిషాల పని. అది వాట్సాప్‌లో అందరికన్నా ముందు తను పెట్టడం అతనికో ముచ్చట. "చావు కబురు చల్లగా చెప్పకూడదండీ" అని ఓసారి నాతోనే అన్నాడు.

అక్షరం రాయడం అతనికి నేర్పింది థామస్ మాస్టారు, హైస్కూలు డ్రాయింగు మాస్టారు. రిటైరై జగ్గయ్యపేటలో ఉంటున్నారు. భార్య లేదు, పిల్లల్లేరు. ఈ మధ్య గుండెకి స్టెంటు వేశారు. రోజూ ఫోన్ చేసి "తిన్నారా అండీ" అని అడిగే మనిషి ఏసురత్నం ఒక్కడే. "నాకు నువ్వే మిగిలావురా" అనేవారు మాస్టారు. ఆ మాటని ఏసురత్నం నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

మొన్న వేసవిలో ఓ పొద్దున ఫోన్ చేస్తే కొత్త వంటమనిషి సైదమ్మ ఎత్తింది. కోదాడ అవతల ఊరు ఆమెది.

"సారు పొద్దుగాల్నే పోయిండు."

ఏసురత్నం పెన్ను వెతుక్కున్నాడు. "ఎన్నింటికమ్మా?"

"ఆరు కొట్టంగనే."

"దగ్గర ఎవరున్నారు?"

"ఎవల్లేరు. నేనొస్తనంటె వద్దన్నడు. ఒక్కడే పోయిండు."

సైదమ్మ ఊళ్ళో పోవడమంటే వెళ్ళడమే. నందిగామలో మనుషులు ‘వెళ్తారు’. ‘పోతే’ మాత్రం మళ్ళీ రారు. మాస్టారు ఫోను ఛార్జింగులో మరిచిపోయి, చెకప్‌కని బెజవాడ బస్సెక్కారు. "ఎక్కడికి" అన్న ఒక్క మాట ఏసురత్నం అడగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే ఫ్లెక్సీ డిజైను చేసి పాత విద్యార్థుల గ్రూపులో పెట్టేశాడు. ఆ గ్రూపులో మాస్టారూ ఉన్నారు.

మొదటి గంట అన్నీ దణ్ణాలూ, పూలూ. తర్వాత టిప్పర్ నడిపే ముస్తఫా రాశాడు: "సారు ఆత్మకి శాంతి కలగాలి. నా వేలి కణుపులకి మాత్రం ఇంకా కలగలా." దానికి ముప్పైమంది నవ్వారు. ఎరువుల షాపు వరప్రసాదరావు రాశాడు: "నత్తి ఉన్న నాచేత రోజూ అటెండెన్సు పిలిపించేవాడు. క్లాసంతా నవ్వితే తనూ నవ్వేవాడు. పైన దేవుడు చూసుకుంటాడు." ఇక ఆగలేదు. చనిపోయినవాడికి ఎవరు భయపడతారు. ఎవరో అన్నారు: "ఏసురత్నం, నువ్వు ఆయన మనిషివి కదా, చెప్పు, ఇందులో అబద్ధముందా?"

"నిజమేగాని" అని టైపు చేశాడు. ఇంతలో ఓణీల ఫంక్షను ఫ్లెక్సీకి పార్టీ వచ్చింది. అక్కడికే పంపేసి ఫోను పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం గులాబీ దండ నల్ల కవర్లో పెట్టుకుని జగ్గయ్యపేటలో దిగాడు. మాస్టారు బెజవాడ నించి తిరిగొచ్చి, వసారాలో కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఫోను చూస్తున్నారు.

"రా. ఏం తెచ్చావు?"

"ఏం లేదండీ."

"చూపించు." కవరు తెరిచి చూశారు. "బాగుంది. మెళ్ళో వెయ్యి మరి, అంత దూరం నించి తెచ్చావు."

సైదమ్మ గుమ్మంలోంచి, "నేను పోయిండన్న గని సచ్చిండన్ననా?" అంది. ఎవరూ నవ్వలేదు.

"నూట అరవై మందిరా," అన్నారు మాస్టారు. "ఒక్కడూ ఏడవలేదు. సరే, వాళ్ళు నా దెబ్బలు తిన్నవాళ్ళు. నీది చదువు."

"మాస్టారూ..."

"పైకి చదువు."

"నిజమేగాని."

"గాని తర్వాత?"

ఏసురత్నం నేల చూశాడు. "పార్టీ వచ్చిందండీ."

"ఇప్పుడు ఎవరూ రాలేదుగా. చెప్పు."

చెప్పలేకపోయాడు. చెప్పడానికి చాలానే ఉందట, ఒక్కటీ నోటికి రాలేదట. మాస్టారు తొందరపెట్టలేదు. బోర్డు దగ్గర నిలబెట్టి జవాబు కోసం చూసినట్టు చూశారు. సైదమ్మ టీ తెచ్చి పెట్టింది, అది చల్లారింది. చివరికి కళ్ళజోడు తీసి, "వెళ్ళు" అన్నారు.

మా వైపు గడప దాటేవాడికి ‘వెళ్ళి రా’ అంటాం. శత్రువుకైనా ‘రా’ ఉంటుంది.

మర్నాటినించి ఫోను ఎత్తలేదు. పదోరోజు సైదమ్మ ఎత్తి, "సారు ఉన్నడు. మీతోటి మాట్లాడడంట" అంది. గ్రూపులోంచి కూడా మాస్టారు తప్పుకున్నారు. పెట్టినవాళ్ళెవరూ పెట్టినవి తీయలేదు. ముస్తఫా ఒక్కడు, "బతికే ఉన్నాడంటగా, ఐతే ఇంకా రాయాల్సింది" అన్నాడు.

ఏసురత్నం ఆ వాక్యం పూర్తి చేయడానికి మూడు వారాలు పట్టింది. రాసి, కొట్టేసి, నాకు వినిపించి, మళ్ళీ కొట్టేసి. ఒక్కో మాటా ఆయన చెవితో విని చూసుకుని పెట్టాడు. అంత జాగ్రత్తగా అతను ఏదీ రాయగా నేను చూడలేదు. మాస్టారి నంబరుకే పంపించాడు.

ఒక్క టిక్కే పడింది. శ్రావణం కూడా దాటిపోయింది, ఇంకా ఒక్కటే.