బల్ల మీద లేని చెంబు

తిరుపతిలో మేం ఇంజనీరింగు చివరి సంవత్సరం చదివేటప్పుడు మా కాలేజీ ల్యాబ్‌లో ఒకే ఒక్క వెబ్‌క్యామ్ ఉండేది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ప్రాజెక్టు పేరు చెప్పి ఆ వెబ్‌క్యామ్ చేతిలోకి తీసుకోవచ్చన్న ఆశ లేకపోతే నేనూ నా స్నేహితురాలూ ఆ పనిలో దిగేవాళ్ళం కాదేమో. క్లాసులో మిగతావాళ్ళంతా ఆసుపత్రి బిల్లులకూ లైబ్రరీ పుస్తకాలకూ సాఫ్ట్‌వేర్లు రాస్తున్నారు. మేం మాత్రం లేని వస్తువును ఉన్నట్టు చూపిస్తామని రాసిచ్చాం.

నాది ఐరాల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. తనది చిత్తూరు. వాళ్ళమ్మ నర్సు. హాస్టల్లో మా మంచాలు పక్కపక్కనే కావడంతో మొదటి సంవత్సరం నుంచీ చదువైనా తిండైనా కలిసే.

మా ప్రాజెక్టు చెప్పడానికి సులువే. కాగితం మీద నల్ల చదరం ఒకటి అచ్చువేసి బల్ల మీద పెడతాం. వెబ్‌క్యామ్ అటువైపు తిప్పితే, కంప్యూటర్ తెర మీద ఆ కాగితంపైన మేం గీసిన ఇత్తడి చెంబు నిలబడి కనిపించాలి. కాగితం తిప్పితే చెంబూ తిరగాలి. చదరాన్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. చెంబును గీయడం మా వంతు. అది మొదటిసారి తెర మీద నిలబడిన రోజు పరుగెత్తుకుంటూ వెళ్ళి గైడు సారును పిలుచుకొచ్చాం.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు చూశాడు. "బాగుండాదమ్మా. కానీ ఇది బల్ల మీద లేదే. పుస్తకానికి స్టిక్కరు అతికించినట్టుండాది," అన్నాడు.

చేతిలో ఉన్న స్టీలు టీ గ్లాసును కాగితం పక్కన పెట్టాడు. తెర మీద ఇప్పుడు రెండూ కనిపిస్తున్నాయి, నిజం గ్లాసూ మా చెంబూ. గ్లాసుకు ఎడమవైపు కిటికీ మెరుస్తోంది, కుడివైపు నీడ పడింది. మా చెంబేమో నడినెత్తిన దీపం పెట్టినట్టు మెరుస్తోంది. దానికి నీడే లేదు.

"గ్లాసుకు వెలుతురు యాడ నుంచి వస్తా ఉండాది? మీ చెంబుకు యాడ నుంచి వస్తా ఉండాది? అది తేల్చుకోండి," అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

నాకు కాస్త మనసు చివుక్కుమంది. నా స్నేహితురాలి ముఖం మాత్రం వెలిగిపోయింది. "మే, అదే గదా సంగతి. అది కుదిరితే నిజం చెంబే అనుకుంటారు ఎవురైనా," అంది.

వెలుతురు ఎటు నుంచి వస్తోందో మొదట మేమే కంటితో చూసి ప్రోగ్రామ్‌లో అంకెలు పెట్టాం. పొద్దున పెట్టినవి మధ్యాహ్నానికి పనికిరాకుండా పోయేవి. ఎవరో వచ్చి ట్యూబులైటు వేస్తే మళ్ళీ మొదటికి. "ఇట్ట మనం చెప్పేది కాదు మే. దానికదే కనుక్కోవల్ల," అంది తను.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే దారి దొరికింది. అద్దంలా మెరిసే బంతిని బల్ల మీద పెట్టి ఫొటో తీయాలి. బంతిలో గది మొత్తం కనిపిస్తుంది, కిటికీ ఎక్కడుందో లైటు ఎక్కడుందో అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఫొటో చదివితే వెలుతురు ఏ దిక్కు నుంచి ఎంత వస్తోందో తెలిసిపోతుంది. చదువుతుంటే నాకు ఇంత తేలికా అనిపించింది.

కానీ బంతి ఏదీ? వర్క్‌షాపులో అడిగితే బేరింగుల్లోంచి తీసిన గుండ్లు ఇచ్చారు, శనగ గింజలంత. హాస్టల్ చెంబు బోర్లించి చూస్తే అన్నీ సొట్టలే. రెండు రోజులు ఊరంతా మెరిసే వస్తువుల కోసం చూస్తూ తిరిగాం. బస్సులో వస్తుండగా తను ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"మే, మా ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు కట్టే బంతులుండాయి."

ఆ శనివారమే చిత్తూరు వెళ్ళాం. వాళ్ళమ్మ డ్యూటీ నుంచి వచ్చి అప్పుడే చీర మార్చుకుంది. అటక మీదున్న పెట్టె దించమంటే నవ్వింది.

"క్రిస్మస్ యాడుండాది, మీరు యాడుండారు? ఇప్పుడెందుకు పాపా అవి?"

"ప్రాజెక్టుకు అత్తా," అన్నాను నేను.

"కంప్యూటరు చదువుకు బంతులా? సరే, పగలగొట్టకుండా తీసుకోండి."

పాత వార్తాపత్రికల్లో చుట్టిన బంతులన్నీ విప్పి నేల మీద పరిచింది. ఎర్రవి, పచ్చవి, బంగారు రంగువి. వాటిల్లో గీతలు పడని వెండి బంతి ఒకటి దొరికింది. దాన్ని ఎత్తిపట్టి చూశాం. వీధి తలుపు, పైన ట్యూబులైటు, గోడ మీది క్యాలెండరు, పెద్ద పెద్ద ముక్కులతో మేమిద్దరం, వెనక నడుం మీద చెయ్యి పెట్టుకున్న అత్త, అందరం అందులో ఉన్నాం.

"ఇల్లంతా దీంట్లోనే ఉండాది సూడమ్మా," అని తను వాళ్ళమ్మకు చూపించింది. ఆమె కూడా వంగి చూసి, తలుపు పక్కన వదిలేసిన చెప్పులు బంతిలో చూసి సర్దడానికి వెళ్ళింది.

బంతి మీది ఒక్కో చుక్కా గదిలో ఏ మూలను చూపిస్తోందో లెక్క కట్టడం నా పని. మెస్సు బల్ల మీద సాంబారు గిన్నె పక్కకు జరిపి గీతలు గీశాను. తను ప్రోగ్రామ్ రాసింది. రెండూ కలిపి నడిపితే చెంబు తెర మీద బూడిద పూసినట్టు కనిపించింది. అన్ని వైపులా ఒకటే వెలుగు. నీడ ఉందో లేదో తెలియదు.

ఎందుకిలా అయిందో అంకెలు ఒక్కొక్కటే చూస్తే తెలిసింది. ఫొటోలో కిటికీ తెల్లగా ఉంది, ట్యూబులైటూ తెల్లగా ఉంది. కిటికీ వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ వెబ్‌క్యామ్‌కు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటిందంతా దానికి ఒకటే తెలుపు. మా ప్రోగ్రామ్ పాపం రెంటినీ సమానం అనుకుంది.

చాలా రోజులు అక్కడే ఆగిపోయాం. ఒక ఉదయం హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తూ తను ఎండకు కళ్ళు చిట్లించి, "కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు దానికీ ఏదన్నా అడ్డం పెట్టాల," అంది. నాకు చిన్నప్పటి గ్రహణం రోజు గుర్తొచ్చింది. మా ఊళ్ళో అందరూ ఎక్స్‌రే ఫిల్ము అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశారు. అలా చూడకూడదని తర్వాత ఎప్పుడో తెలిసింది. కానీ వెబ్‌క్యామ్‌కు కళ్ళు పోయే భయం లేదు.

తడి బట్టలు తన చేతిలో పెట్టి ఊరికి బయలుదేరాను. మా నాయన అప్పుడే వరి కయ్యలో నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నాయనా, నీ భుజానికి తీసిన ఎక్స్‌రే యాడుండాది?"

"బీరువాలో ఉండాది. ఎందుకు పాపా? నొప్పి తగ్గిపొయ్యింది గదా."

"కంప్యూటరుకు కావాల. ఒక ముక్క కత్తిరించుకుంటా."

ఆయన బీరువాలోంచి తీసిచ్చాడు. "భుజం ఉండే కాడ కత్తిరించొద్దు, మళ్ళా డాక్టరు అడిగితే సూపించల్ల," అన్నాడు. అంచున ఏ బొమ్మా లేని నల్లటి ముక్క మాత్రం కత్తిరించుకున్నాను.

మరునాడు ల్యాబ్‌లో ఆ ముక్కను వెబ్‌క్యామ్ ముందు అతికించి బంతిని చూశాం. గదంతా చీకటైపోయింది. ట్యూబులైటు సన్నటి గీతలా మిగిలింది. కిటికీ ఒక్కటే చిన్న చదరంగా వెలుగుతోంది. ఏది పెద్ద వెలుగో ఏది చిన్న వెలుగో ఇప్పుడు వెబ్‌క్యామే చెబుతోంది. ఫిల్ముతో తీసినదీ ఫిల్ము లేకుండా తీసినదీ కలిపి ప్రోగ్రామ్ నడిపించాం.

చెంబు ఎడమ బుగ్గ మీద కిటికీ మెరిసింది. పైన ట్యూబులైటు సన్నగా తళుక్కుమంది. కుడివైపు బల్ల మీద నీడ పడింది. పక్కన నిజం గ్లాసు పెట్టాం. రెండు నీడలూ ఒకే వైపు వాలాయి.

తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను లేచి నిలబడి బల్ల వైపు చూశాను, నిజంగా చెంబు ఉందేమోనని. లేదు, కాగితం ముక్కే ఉంది. తెర వైపు చూస్తే ఉంది. ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. పక్క ల్యాబ్ వాళ్ళు ఏమైందోనని తలుపు దగ్గరికి వచ్చి చూశారు. 

అక్కడితో ఆగినా సరిపోయేది. మాకు ఆశ పెరిగింది. ఇంటర్నెట్ సెంటర్ యజమానిని బతిమాలి ఇంకో వెబ్‌క్యామ్ తెచ్చుకున్నాం. ఒకటి మామూలుగా బల్లనూ బంతినీ చూస్తుంది. రెండోది ఎక్స్‌రే ముక్క వెనక నుంచి బంతినే చూస్తూ ఉంటుంది. గదిలో వెలుతురు మారిన కొద్దీ చెంబూ మారాలి.

పరీక్ష రోజు అనంతపురం నుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చాడు. మా వంతు వచ్చేసరికి ఆయన అలిసిపోయి ఉన్నాడు. చెంబును చూసి, "గ్రాఫిక్సా? సరే," అని రాసుకోబోయాడు. అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, ట్యూబులైట్లు ఆరిపోయాయి. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. మా కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. తెర మీద చెంబు పైన ఉన్న తళుకు మాయమైంది. కిటికీ వైపు మెరుపు అలాగే ఉంది, రెండో పక్క నల్లబడింది, బల్ల మీద నీడ చిక్కబడింది. మేం ఏమీ ముట్టుకోలేదు.

ఆయన పెన్ను ఆపాడు. "ఇప్పుడేం చేసినారమ్మా?"

"మేమేం చెయ్యలేదు సార్. కరెంటు పోయింది, అంతే," అంది తను.

ఆయన లేచి తనే కిటికీ రెక్క ఒకటి మూశాడు. చెంబు మసకబారింది. తెరిచాడు, మెరిసింది. మళ్ళీ మూశాడు. మా గైడు సారు వెనక నిలబడి నవ్వు ఆపుకుంటున్నాడు. యూపీఎస్ ఆరిపోయేదాకా ఆ పెద్దాయన కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

ఎక్కువ మార్కులు ఆసుపత్రి బిల్లుల సాఫ్ట్‌వేరు రాసిన వాళ్ళకే వచ్చాయి. ఎందుకో మాకు ఏ మాత్రం బాధ కలగలేదు.

హాస్టల్ ఖాళీ చేసే రోజు తన సామాను కోసం వాళ్ళమ్మ వచ్చింది. ఆమెను ల్యాబ్‌కు తీసుకెళ్ళి చెంబును చూపించాం. తెర వైపే చూస్తూ చెంబును పట్టుకుందామని బల్ల మీదికి చెయ్యి చాపింది. తెర మీద ఆమె చెయ్యి చెంబు వెనక్కి పోయింది.

"అదేందే? నా చెయ్యి ముందరుంటే అది ఎనక పడిపొయ్యిందే," అంది.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఏది ముందుందో ఏది వెనకుందో చెంబుకు తెలియదన్న సంగతి అంతవరకూ మాకు తట్టనే లేదు. ముగ్గురం చిత్తూరు బస్సు ఎక్కేదాకా, ఎక్కిన తర్వాత కూడా అదే మాట. రెండో వెబ్‌క్యామ్‌ను మొదటిదాని పక్కన పెడితే దూరం తెలుస్తుందని నేను, చర్మం రంగు చూసి చేతిని గుర్తుపట్టొచ్చని తను. మా మధ్య కూర్చున్న వాళ్ళమ్మ కాసేపు విని, "మీరిద్దరూ ఒక పక్క కూసోండి, నేను కిటికీ కాడికి పోతా," అని లేచి సీటు మారింది.