పడవ ఎడమ బుగ్గ

మీ చేత్తో రాసిన అక్షరం మీరే రాశారని ప్రమాణం చేసి చెప్పగలరా? ఇదేం ప్రశ్న అని మీకు నవ్వు రావచ్చు. ఒకప్పుడైతే నాకూ వచ్చేది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. కంచరపాలెంలో రైలుకట్ట పక్కన మా ఇల్లు. ఆదివారం చర్చి ఎన్నడూ తప్పేది కాదు గానీ, దయ్యాల ఊసు ఎత్తితే నాన్న ఊరుకునేవారు కాదు. కాలేజీ డిబేటులో మూఢనమ్మకం అంటే బుద్ధికి పట్టిన బద్ధకమని వాదించి కప్పు గెలుచుకున్నదాన్ని. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అందుకే జరిగింది జరిగినట్టు మీ ముందు పెడుతున్నాను. తీర్పు మీది.

మా నాన్న శామ్యూలు అక్షరాలు రాసే మనిషి. ఊళ్లో అందరికీ శామేలు. కిరాణా కొట్ల బోర్డుల నుంచి లారీల నుదుళ్ల వరకు ఆయన రాయనిది లేదు. అయితే ఆయన ప్రాణమంతా ఫిషింగ్ హార్బర్‌లోని పడవల మీద ఉండేది. పలక మీద అఆలు దిద్దే వయసులోనే నా చేతికి బ్రష్షు ఇచ్చారు. ముందు అక్షరం ఒళ్లు గీయాలి, తలకట్టు మాత్రం చివర్న, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో పడాలి. మధ్యలో ఊపిరి వదిలితే తలకట్టు వణుకుతుంది. ఆయన తలకట్టు కొసన బ్రష్షును చిన్నగా తిప్పి ఎత్తేవారు. అక్కడ వెంట్రుకంత సన్నని గీత మిగిలేది. సంతకం చేయని ఆ మనిషికి సంతకం అదే.

పడవకు పేరు రెండు వైపులా రాయాలి. హార్బర్‌లో ఒక కట్టుబాటు ఉంది. అక్షరాలు ఏ వైపునైనా పడవ ముందుకొస వైపే వాలాలి, పేరు కూడా పడవతో పాటు సముద్రంలోకి దూకుతున్నట్టు ఉండాలి. కుడివైపు అది సులువు. మనం మామూలుగా రాసే వాలే సరిపోతుంది. ఎడమవైపు నిలబడి చూస్తే ముందుకొస మన ఎడమచేతి పక్కకు వస్తుంది. అక్కడ ప్రతి అక్షరమూ ఎదురు వాలులో పడాలి. నాన్న కుడివైపు కుడిచేత్తో, ఎడమవైపు ఎడమచేత్తో రాసేవారు. "పడవకి రెండు బుగ్గలు, నాకు రెండు సేతులు. దేవుడు లెక్క సరిగ్గానే సేసినాడు," అనేవారు.

కొన్నేళ్ల కిందట, ఊరంతా స్టీలు ప్లాంటు మాటలే మాట్లాడుకుంటున్న రోజుల్లో, నాన్నకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు కొంత దారికి రావచ్చునని, చెయ్యి మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పారు.

సరిగ్గా అప్పుడే నూకరాజు కొత్త మరబోటు సిద్ధమైంది. పేరు "గంగమ్మ తల్లి". నూకరాజు మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. కానీ అతని భాగస్వాములకు అంత ఓపిక లేదు. రేకులో అక్షరాలు కోసి, దాని మీద రంగు అద్దే ఒకాయన ఊళ్లోకి వచ్చాడు. అతని పని నిమిషాల్లో తేలిపోతుంది. ఈ పడవకు రేకు అక్షరాలు పడితే వరసలో ఉన్న మిగతా పడవలన్నీ అదే దారి పడతాయని హార్బర్‌లో అందరికీ తెలుసు. అలా జరిగితే నాన్న లేచి కూర్చున్నా ఆయన రాయడానికి పడవంటూ మిగలదు. నేను వెళ్లి, పేరు నేను రాస్తానన్నాను.

నూకరాజు తల గోక్కున్నాడు. "పోటుకి నీల్లొచ్చేలోపు అయిపోవాల పాపా. అవ్వకపోతే రేకులాయనకి ఇచ్చేత్తాను. మరి నన్ననొద్దు."

పొద్దున్నే మొదలుపెట్టాను. కుడివైపు చక్కగా వచ్చింది. ఆ ఉత్సాహంలో ఎడమవైపుకు వెళ్లి, వరస తిన్నగా రావడానికి సున్నం రాసిన దారం కొట్టి, సుద్దతో అక్షరాలు గీసేశాను. నాన్నతో కొట్ల బోర్డులు రాసి అలవాటు పడిన చెయ్యి కదా, మామూలు వాలులోనే గీసింది. వెనక్కి జరిగి చూస్తే, పడవ సముద్రం వైపు, పేరు ఒడ్డు వైపు.

రేకులాయన పకపకా నవ్వాడు. "సదువుకున్న పిల్ల గదా! పడవకి రివర్సు గేరు ఏసింది!"

"నవ్వుతావేటి," అని నూకరాజు అతన్ని కసిరి, నా వైపు తిరిగాడు. "తల్లీ, ఇలాగైతే పడవ ఎనక్కి ఎల్తాదని మావోలు అంటారు. ఈ పేరుతో నీల్లలో దింపనివ్వరు."

అక్షరాల వాలుకూ వలలో పడే చేపకూ సంబంధం లేదని వాదించగలను. వాదిస్తే గెలుస్తాను కూడా. కానీ ఆ పూట నా కళ్లే నాకు ఎదురుపక్షం. ఆ పేరు నిజంగానే వెనక్కి పోతోంది.

సుద్ద తుడిచేసి, ఎదురు వాలులో మళ్లీ గీశాను. రంగు పెట్టబోతే కుడి మణికట్టు అడ్డం తిరిగింది. ఒక గీత వణికింది, మరొకటి లావైంది. గుడ్డతో తుడిచాను, మళ్లీ పెట్టాను, మళ్లీ తుడిచాను. అటు నీళ్లు పైకి వస్తున్నాయి. రేకులాయన డబ్బా మూత తీసి రంగు కలుపుకుంటున్నాడు.

ఆ తర్వాతి సంగతి నా జ్ఞాపకం మేరకు చెబుతాను. బ్రష్షు చెయ్యి మారిన క్షణం నాకు గుర్తు లేదు. గొంతేదీ వినపడలేదు, గాలి చల్లబడలేదు, మిట్టమధ్యాహ్నపు ఎండ నెత్తి మాడుస్తోంది. చిన్నప్పుడు పలక మీద నా చేతిని పట్టుకుని దిద్దించిన చెయ్యి బరువు లాంటిది మాత్రం బ్రష్షు పట్టిన చేతి వెనక తెలిసింది. ఆ బరువు వెచ్చగా ఉంది. అక్షరాల ఒళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. ఒకచోట రంగు పలచనై కారితే ఓణీ కొంగుతో ఒత్తాను. ఆఖర్న ఊపిరి బిగబట్టి తలకట్లు లాగాను.

ముందుగా అరిచింది నూకరాజు. "ఓలమ్మో! అది శామేలు బావ సెయ్యే!"

అప్పుడు చూసుకున్నాను. బ్రష్షు నా ఎడమ చేతిలో ఉంది. అంతకుముందు ఆ చేత్తో నేను సున్నా కూడా చుట్టి ఎరగను.

పక్కనే నాన్న పేరు రాసిన పాత పడవ ఉంది. నూకరాజు అందరినీ అక్కడికి లాక్కెళ్లి ఎడమ బుగ్గలు రెండూ పోల్చి చూపించాడు. అదే వాలు, ప్రతి తలకట్టు కొసనా అదే వెంట్రుకంత గీత. రేకులాయన కూడా వచ్చి, వేలితో గాలిలో ఆ వంపును అనుసరించి చూసి, తన డబ్బాకు మూత పెట్టేశాడు. కాసేపటికి పడవ జనం కేకల మధ్య, కొబ్బరికాయల మధ్య నీళ్లలోకి జారింది. రెండు వైపులా పేరు సముద్రం వైపే చూస్తోంది. ఏ డిబేటు కప్పూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

సిటీ బస్సెక్కి నేరుగా ఇంటికి వచ్చాను. నాకంటే ముందు హార్బర్ నుంచి మా ఇంటికి ఎవరూ రాలేదు, ఆ సంగతి తర్వాత విడిగా విచారించి తెలుసుకున్నాను. గుమ్మంలోనే అమ్మ ఎదురైంది. మధ్యాహ్నం నాన్న నిద్రలో ఉండగా ఎడమ చెయ్యి దుప్పటి మీంచి లేచి గాలిలో ఏదో లాగిందట. గంజి తెచ్చిన పక్కింటి అప్పలనర్సమ్మత్త కూడా చూసింది.

"దేవుడి తోడు, సూసేను. గిన్ని వొదిలేసినాను. సూడు, గంజింకా తుడవనేదు," అంది అత్త, నేల చూపిస్తూ.

నేను ఇంకా నోరు విప్పలేదు. మంచం మీంచి నాన్న నన్ను చూసి నవ్వారు. "ఎడం బుగ్గ కాడ రంగులో టర్పెంటు ఎక్కువ పోసినావు గదా? కారింది."

"నీకెవరు చెప్పారు నాన్నా?"

"నాకేటి తెల్సు! నిద్దరోయేను. లేసీసరికి ఆ మాటే నోట్లో ఉంది."

ఇక ఎదురుపక్షం వాదన కూడా నేనే చేస్తాను. చిన్నప్పటి నుంచి చూసిన పని, అవసరం వచ్చినప్పుడు నా ఎడమ చేతికి తెలిసి ఉండవచ్చు. అలాగైతే అది మళ్లీ రావాలి. ఆ రోజు నుంచి ఎన్నోసార్లు ప్రయత్నించాను. నా ఎడమ చెయ్యి ఒక్క తలకట్టు లాగలేదు. నాన్న చెయ్యి కదలడం కాకతాళీయం కావచ్చు. మరి కారిన రంగు? అక్కడ నా వాదన ఆగిపోతుంది. ఆత్మ అందామంటే, మా నాన్న బతికే ఉన్నారు. ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసిన విషయం ఒకటుంది. ఆ మధ్యాహ్నం కదిలిన చెయ్యి మళ్లీ పూర్తిగా పడిపోలేదు. మొదట గ్లాసు పట్టింది, తర్వాత సుద్దముక్క, ఆ తర్వాత బ్రష్షు. డాక్టరు సంతోషించారే తప్ప కారణం చెప్పలేదు. ఇవాళ మా హార్బర్‌లో దిగే కొత్త పడవలకు కుడి బుగ్గ నేను రాస్తాను, ఎడమ బుగ్గ నాన్న రాస్తారు. రెండు వైపులా నేనే రాశానని లోకం అనుకునే పడవ గంగమ్మ తల్లి ఒక్కటే. దాని ఎడమ బుగ్గ నాదని నేను మాత్రం ప్రమాణం చేయలేను.

దీనికి కారణం చెప్పగలిగినవారు తప్పక చెప్పండి, కాదనకుండా వింటాను. కానీ అంతకు ముందు ఒక్క పని చేయండి. మీకు రాత రాని చేతిలోకి బ్రష్షు తీసుకోండి. ఊపిరి బిగబట్టి, ఎదురు వాలులో, ఒక్క తలకట్టు లాగండి. ఆ తర్వాత వచ్చి నాతో వాదించండి.