లోవమ్మ నోట రాని మాట

కాకినాడ వీధుల్లో చేపల గంప దించిన లోవమ్మతో బేరమాడి గెలిచినవాళ్లు తక్కువ. మెత్తబడ్డ చేపని కూడా ఇప్పుడే ఒడ్డుకొచ్చిందని నమ్మించేస్తుంది. కొడుకు బుల్లియ్య గురించీ అదే వరస. "మావోడికి రాని పని లేదండి" అనేది. వాడి చొక్కా గుండీలు పెట్టేది మాత్రం ఈవిడే. పడవ మీద ఏ తాడు లాగాలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని చూపించాల్సిందే. అయినా కన్నతల్లి నోట చెడ్డమాట రాకూడదు, పైన తథాస్తు దేవతలుంటారని ఆవిడ భయం.

ఓసారి ఇద్దరు దొంగలు వాణ్ణి వెంటబెట్టుకుని ఓ ఇంటిమీద పడ్డారు. ఆ ఇంటి ముసలావిడ వాళ్ల చేతుల్లో చచ్చిపోయింది. వాళ్లు పట్టుకోమంటే ఆవిడ కాళ్లు పట్టుకున్న బుల్లియ్యకీ ఉరిశిక్షే పడింది.

అప్పీలులో కోర్టు పంపిన డాక్టరుగారు లోవమ్మని అడిగారు, చిన్నప్పుడు ఎలా ఉండేవాడని.

"బంగారమండి. అన్నీ సొంతంగా చేసుకునేవోడండి" అంది అలవాటుకొద్దీ.

బుల్లియ్య తరఫు లాయరు సుప్రియ తల పట్టుకుంది. "అలా చెప్పారేంటండి? పిచ్చి వేరు, బుద్ధిమాంద్యం వేరు. అది చిన్నప్పట్నించీ ఉందనీ, రోజూ చేసుకునే పనులు కూడా వాడికి చేతకావనీ తేలాలి. తేలితే ఉరి తప్పొచ్చు. చెప్పగలిగింది మీరొక్కరేనండి."

ఈ కథ చెబుతున్న నాకు ఒళ్లుమండేది ఇక్కడే. తల్లి ఇన్నేళ్లు కొంగుకింద దాచిందాన్ని నలుగురిలో విప్పితే తప్ప చట్టానికి కనబడదు.

రెండోసారి డాక్టరుగారు జైల్లోనే అడిగారు. బుల్లియ్య పక్క బల్లమీదే ఉన్నాడు. గుండీల సంగతి, దారి తప్పే సంగతి, అన్నీ చెప్పింది. "మావోడికి బుద్ధి ఎదగలేదండి" అంది చివరికి. బిడ్డని తానే బజారున పెట్టినట్టు సిగ్గేసి ఏడ్చింది. మొగుడు ఏనాడో పోయాడు. ఇంటికెళ్లాక ఆ ఏడుపు చెప్పుకోవడానికి మనిషి లేదు. ఇరుగుపొరుగుతో అందామంటే, వాళ్ల ముందు ఇన్నాళ్లూ కోసిన గొప్పలు అడ్డొచ్చాయి. అన్నం వండుకోకుండానే పడుకుంది.

తర్వాతి ములాఖత్‌లో, జాలీ అవతలనుంచి బుల్లియ్య మెల్లగా అడిగాడు.

"అమ్మా, నేను ఎర్రోణ్ణా?"

కాదనడం లోవమ్మకి చిటికెలో పని. కానీ డాక్టరుగారు వాణ్ణి ఇంకోసారి పరీక్ష చెయ్యాలి. కాదంటే సంబరపడిపోయి, నాకన్నీ వచ్చండి అనేస్తాడు.

"అవున్రా అయ్యా" అంది.

వాడు జాలీ దగ్గరికి జరిగాడు.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేంటే?" అన్నాడు.