పక్కింటి అక్క పడుగు

మా తాతయ్య నేసిన ఆఖరి పంచె మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాటకు నవ్వుతారని తెలుసు. నవ్వనీయండి.

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడ మగవాళ్ళు చాలామంది చేతిమగ్గాలు వదిలి మరమగ్గాల షెడ్లకు పోయారు. మగ్గం ఆపని రెండుమూడు ఇళ్ళలో పక్కింటి అక్కది ఒకటి. పెనిమిటి దుబాయి పోయాక ఆమె ఆయన మగ్గం మీద తానే కూర్చుంది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలన్నీ వాడ పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. అది ఒక్కరితో అయ్యే పని కాదు. పడుగుకు అటొకరు ఇటొకరు ఎదురెదురుగా, ఎవరి కుంచె వాళ్ళు పట్టుకుని, ఒక్క అడుగుగా నడవాలి. ఒకరు ముందుపడి ఇంకొకరు వెనకబడితే ఒక పక్క గంజి ముందే ఆరిపోతుంది. దారాలు అతుక్కుని అట్టకడతాయి. విడదీయబోతే తెగుతాయి.

అక్క మొదటి పడుగు అట్లాగే పాడైంది. కుంచెలు పట్టింది మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు, మూలింటి మామ. పెద్దబాపుది పరుగు, మామది నింపాదితనం. ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్ళే కానీ, ఇళ్ళ మధ్య గోడ దగ్గర తగాదా వచ్చి ఆరు నెలలుగా వాళ్ళకు మాటల్లేవు. నూలిచ్చే సేటు రెండో పడుగుకు నూలిస్తూ, ఇది కూడా ఖరాబైతే మళ్ళీ తన గడప తొక్కవద్దని అక్కతో అన్నాడు. దుబాయి నుంచి ఇంకా పైసలు రావడం లేదు, నూలు రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పిల్లలిద్దరు. వేరేవాళ్ళను పిలుద్దామంటే కుంచె పట్టడం వచ్చినవాళ్ళలో షెడ్లకు పోకుండా వాడలో ఆ ఇద్దరే మిగిలారు. మా తాతయ్యకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి.

పొద్దు పొడుస్తుండగా పడుగు చాపారు, గంజి పట్టించారు. నాలుగడుగులు పడ్డాయో లేదో పెద్దబాపు ముందుకు పోయాడు. మామ ఆయనతో మాట్లాడడు కదా, అక్క వైపు తిరిగాడు.

"బిడ్డా, జెర ఆయినకు చెప్పు. గిది పడుగు, కరీంనగర్ బస్సు గాదు. గా ఉరుకుడెందుకు?"

పెద్దబాపు కూడా అక్కతోనే అన్నాడు. "గాయిన్ని నిద్రల నుంచి లేవుమను బిడ్డా. ఆయిన కోసం గంజి ఆగుతదా?"

అక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే రెండు చేతులకూ గంజి.

తాతయ్య ఎవరినీ కోప్పడలేదు. పడుగు పక్కకు వచ్చి, ఏ వేగంతో నడవాలో ఆ వేగంతో నడుస్తూ, తనలో తాను చెప్పుకుంటున్నంత మెల్లగా కథ మొదలుపెట్టాడు. "నేను పోరగాన్నప్పుడు మానేరుల ఓ వాలుగ చేప దొరికింది. బండెడంత. పొట్ట కోస్తె లోపల ఓ ముసల్ది కూసోని బీడీలు సుడుతున్నది..."

మామ చెవి అటు పడింది. కథ దాటిపోతుందని అడుగు కాస్త సాగించాడు. పెద్దబాపు అప్పటికే మూడు బారల ముందున్నాడు. ఆయనకు బీడీల దాకానే వినబడింది. తాతయ్య గొంతు పెంచలేదు. పెద్దబాపు కుంచె నెమ్మదించింది, మామ వచ్చి ఎదురుపడేదాకా. అక్కను అడుగుదామంటే ఆమె ఆ కొసన గంజి కలుపుతోంది. ఇక గతిలేక మామనే అడిగాడు.

"ముసల్ది ఏమన్నదట?"

మామ తల ఎత్తలేదు. కుంచె ఆపకుండానే అన్నాడు. "తలుపు పెట్టుమన్నదట. సలి కొడుతున్నదట."

పెద్దబాపు పొట్ట కదిలింది కానీ నవ్వును బయటికి రానీయలేదు. తాతయ్య కథలో ఆ ముసలామె బీడీకట్టలు అమ్మడానికి కోరుట్ల దాకా పోయి వచ్చేలోగా కుంచెలు ఆరుసార్లు ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాయి. మళ్ళీ ఒక్కసారి కూడా ముందూ వెనకా కాలేదు. ఎండ ఎక్కాక అక్క పడుగు మీద వేళ్ళు ఆనించి మెల్లగా జరిపింది. ఏ దారానికి ఆ దారం విడివిడిగా కదిలింది.

"ఒక్కటి గూడ అతుక్కోలే, తాతా," అంటూ అక్కడే నేల మీద కూలబడింది.

ఆ తర్వాత పెద్దబాపు, మామ మా అరుగు మీద పక్కపక్కన కూర్చుని చాయ్ తాగారు. గోడ తగాదా ఆ చాయ్‌తోనే తీరిపోయింది.

ఇప్పుడు జగిత్యాలలో బట్టలు కుట్టే షెడ్డులో నేను మేస్త్రీని. గుడ్డ కత్తిరించే ఆయనకూ కాలర్లు కుట్టే ఆమెకూ పడదు. ఇద్దరి చేతులూ కలిపించమని మేనేజరు పోరుపెట్టాడు. నేను కలిపించలేదు. ఇద్దరి మధ్యా తిరుగుతూ, నాకు తోచిన అబద్ధమేదో మెల్లగా చెబుతుంటాను. వినబడనివాళ్ళు పక్కవాళ్ళను అడుగుతారు.

ఒట్టు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. వాలుగ చేప తాతయ్యది, ఆ పాపం నాది కాదు. నేను కల్పించింది చాయ్. వాళ్ళు తాగలేదు. కుంచెలు కడిగి ఎవరింటికి వాళ్ళు పోయారు. గోడ తగాదా వాళ్ళు బతికున్నంత కాలం ఉంది. ఆ చాయ్ లేకుండా ఈ సంగతి చెప్పడానికి చాలా ఏళ్ళు నాకు మనసొప్పలేదు. కానీ అక్క పడుగు చాపిన ప్రతి పొద్దునా, పిలవకముందే ఇద్దరూ కుంచెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. తాతయ్య పోయాక కథ చెప్పేవాళ్ళు కూడా లేరు. మాటా పలుకూ లేకుండా ఎదురెదురుగా నిలబడి, అడుగులో అడుగేసుకుంటూ ఆ కొసదాకా నడిచేవాళ్ళు. ఆ నడకే నాకు మిగిలింది.