తివాచీలు పరవని శుక్రవారం

మొన్నొక రోజు వంటిల్లు సర్దుకుని, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వస్తే టీవీలో యూరప్ కప్పు ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. ఆట జోరుగానే ఉంది గానీ మైదానం చుట్టూ ఉన్న కుర్చీల్లో పురుగు కూడా లేదు. ఆటగాళ్లు ఒకరినొకరు పిలుచుకునే కేకలు, బంతిని తన్నిన చప్పుడు తప్ప మరేమీ వినబడటం లేదు. ఏమైందని అడిగితే మా ఇంటి పెద్దమ్మాయి చెప్పింది. పెద్దమ్మాయి అంటే నేను కన్న బిడ్డ కాదు. ఒమన్ దేశపు సూర్‌లో నేను పనిచేసే ఈ ఇంటి బిడ్డ, పాలబుగ్గల నాటి నుంచి నా చేతుల మీద పెరిగి, ఇప్పుడు బడిలో టీచరుగా చేస్తూ ఇద్దరు పిల్లల తల్లి కూడా అయింది. పోయిన ఆటలో ఆ క్లబ్బు అభిమానులు ఎదుటి జట్టువాళ్లు కూర్చున్న వైపు మండే కాగడాలు విసిరారట, మనుషులకు దెబ్బలు తగిలాయట, అందుకని ఈసారి జనం లేకుండా ఆడమని యూరప్ ఫుట్‌బాల్ సంఘంవాళ్లు శిక్ష వేశారట. ఆమెకు ఇష్టమైన క్లబ్బు అది. విసిరింది పదిమందైతే మిగతావాళ్లంతా ఏం పాపం చేశారు, పెద్ద క్లబ్బులు జరిమానా కట్టి తప్పించుకుంటే చిన్న క్లబ్బులను పోటీ నుంచే వెళ్లగొడతారు, ఇదెక్కడి న్యాయం అని ఆమె మండిపడింది. ఆ ఖాళీ కుర్చీలను చూస్తుంటే, మా ఇంటి వెనక మట్టి మైదానంలో తివాచీలు పరవని ఒక శుక్రవారం నా కళ్ల ముందుకొచ్చి నిలిచింది.

ఇది చదివేవాళ్లలో నా ఈడువాళ్లు, నాలాగే గల్ఫ్‌లో ఏదో ఒక ఇంటి వంటింట్లో సగం జీవితం గడిపినవాళ్లు తప్పకుండా ఉంటారు. మాది కడప జిల్లా రాజంపేట దగ్గర ఒక పల్లె. నేను బడి మొహం చూసినదాన్ని కాను. పొద్దున్నే దీపం పెట్టాక మా నాయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పలక మీద అక్షరాలు దిద్దించి, దేవుడి పద్యాలు కూడబలుక్కుని చదవడం నేర్పాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. పెళ్లయిన కొన్నేళ్లకే ఇంటాయన పోయాడు, అమ్మ, నా కొడుకు నా మీదే పడ్డారు. ఏజెంటు చూపించిన దారిలో సూర్‌కు వచ్చాను. దేవుడు నా పట్ల దయగలవాడు. ఎన్నో ఇళ్లలో ఎన్నో జరుగుతాయని వింటుంటాం గదా, నన్ను మాత్రం అన్నం వేళకు అన్నం పెట్టే ఇంట్లో దింపాడు. ఇంటి యజమానిని నేను బాబా అనేదాన్ని, ఆమెను మేడమ్ అనేదాన్ని. నా గదిలో గోడకు కొండమీది స్వామి చిన్న పటం పెట్టుకుంటానంటే, మేకు తనే తెచ్చి కొట్టిచ్చిన మనిషి బాబా.

బాబాకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మా వాడకు ఒక క్లబ్బు ఉండేది, దానికి ఆయనే పెద్ద. ఇప్పుడంటే పచ్చటి కృత్రిమ గడ్డి, స్తంభాల మీద దీపాలు వచ్చాయిగానీ, అప్పుడది సముద్రపు గాలికి దుమ్ము లేచే వట్టి మట్టి నేల. శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గగానే మా ఇంటి గోడ వైపు తివాచీలు పరిచేవాళ్లు, వాడలోని మగవాళ్లంతా తెల్లటి పొడుగు అంగీలతో వచ్చి కూర్చునేవాళ్లు. అవతలి వైపు సగం కట్టి వదిలేసిన పిట్టగోడ ఒకటి ఉండేది, దాని మీద మన కూలీలు, బంగ్లా వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు వరసగా పిచ్చుకల్లా ఎక్కి కూర్చునేవాళ్లు. ఎవరూ రాసిపెట్టకపోయినా తివాచీ వాళ్లది, గోడ వీళ్లది. ఆట ముగిశాక ఒక ఆచారం ఉండేది. గెలిచినా ఓడినా ఇంటి జట్టే అతిథి జట్టుకు కహ్వా, ఖర్జూరాలు, హల్వా పంపాలి. యాలకులు దట్టించిన ఆ కాఫీ కాచి, ట్రే సర్ది గేటు దాకా అందించే పని నాది. ఆడవాళ్లు మైదానంలోకి పోయే రోజులు కావవి. నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, తీస్తూ, మళ్లీ ఆరేస్తూ ఆట చూసేదాన్ని. మేడమ్‌కు ఆ సంగతి తెలుసు. ఒకే దుప్పటిని ఇన్నిసార్లు ఆరేస్తే చిరిగిపోతుందని నవ్వేది.

ఆ పిట్టగోడ మీద కూర్చునేవాళ్లలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ ఉండేవాడు. బాబా ఇంటికి సామాన్ల గది కట్టడానికి వచ్చినప్పుడు, నేను బట్టలు పిండుతూ గొణుక్కునే పాట విని, కింది నుంచే ఏ ఊరు చెల్లె అని కేకేశాడు. ఎడారిలో తెలుగు మాట వినబడితే ఎలా ఉంటుందో ఈ దేశాలకు వచ్చినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆనాటి నుంచి అన్నయ్య అయ్యాడు. ఆరు రోజులు సైట్‌లో ఎండ, ఏడో రోజు ఆట, అదే ఆయన బతుకు. ఆట నియమాలేవీ ఆయనకు తెలియవు. ఎవరు బాగా ఉరికితే వాళ్లకు చప్పట్లు కొట్టేవాడు.

ఆ ఏడాది యూరప్ కప్పులోనూ ఇలాంటి గొడవే జరిగింది. ఒక పెద్ద క్లబ్బు అభిమానులు కంచె విరిచి, అతిథి జట్టు కోసం దూరం నుంచి వచ్చినవాళ్లను చితకబాదారు. సంఘంవాళ్లు ఆ క్లబ్బుకు జరిమానా వేసి, తర్వాతి ఆట ఖాళీ మైదానంలో ఆడమన్నారు. అది బాబాకు ఇష్టమైన క్లబ్బే అయినా, మగవాళ్లంతా కూర్చునే మజ్లిస్ గదిలో ఆయన గట్టిగా వాదించాడు. ఇది చాలదన్నాడు. డబ్బున్న క్లబ్బుకు జరిమానా అంటే టీ తాగిన లెక్క, ఇదే పని ఏ పేద దేశపు క్లబ్బో చేసి ఉంటే ఇంటికి పంపేవాళ్లు అన్నాడు. ఆడేవాళ్లు ఎవరినీ కొట్టలేదు గదా, వాళ్లకెందుకు శిక్ష అని ఆయన తమ్ముడు అడిగితే, బాబా చేతిలోని కహ్వా గిన్నె కింద పెట్టి ఒకే మాట అన్నాడు.

“అతిథిని పిలిచినవాడిదే పూచీ. మన గడప లోపల అతిథికి దెబ్బ తగిలితే, ఎవరు కొట్టారని అడిగే ముందు తల మనం దించాలి.”

ఖర్జూరాల పళ్లెం పెట్టడానికి వెళ్లిన నేను ఆ మాట విన్నాను. ఎంత మంచి ఇంట్లో పడ్డాను స్వామీ అనుకున్నాను.

కొన్ని వారాలకే, ఊళ్ల మధ్య ఏటా జరిగే పోటీలో భాగంగా, తీరం వెంబడి కింది ఊరి జట్టు మా వాడకు ఆడటానికి వచ్చింది. చివర్లో మావాళ్లు వేసిన గోల్ చెల్లదని రెఫరీ చెయ్యి ఊపాడు. నేను మిద్దె మీదే ఉన్నాను. మొదట మా గోడ వైపు నుంచి ఒక నీళ్ల సీసా లేచింది. దాన్ని విసిరింది బాబా తమ్ముడు. ఆ వెంటనే తివాచీల పక్కనున్న కంకర కుప్ప మీద చేతులు పడ్డాయి. రాళ్లు అతిథి జట్టు మీదుగా పోయి అవతలి పిట్టగోడకు తగిలాయి. గోడ మీదివాళ్లు దూకి పరుగెత్తారు. అన్నయ్య మాత్రం దూకలేక నుదురు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ సాయంత్రం నేను సర్దిన ట్రే సర్దినట్టే తిరిగొచ్చింది. కహ్వా చల్లారిపోయింది, ఒక్క ఖర్జూరం కూడా తగ్గలేదు. బాబా దాన్ని చూసి లోపలికి పోయాడు. ఆట మొదట్లోనే ఎవరో కబురు పెడితే పడవల రేవుకు వెళ్లిన ఆయన, గొడవంతా ముగిశాకే తిరిగొచ్చాడు. అందువల్ల ఆయన కళ్లతో చూసిందేమీ లేదు.

మర్నాడు పొద్దున అన్నయ్య వెనక గేటు దగ్గరికి వచ్చాడు. నుదుటికి కట్టు, చొక్కా మీద ఎండిన నెత్తురు. రాళ్లు మొదట కూలీల గోడ వైపు నుంచే వచ్చాయని వాడలో చెప్పుకుంటున్నారట. నెత్తురు మరకలతో దొరికింది ఆయనే గనుక పేరు ఆయనదే పడిందట. కంపెనీవాళ్లు వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపుతామన్నారట, ఇక మీదట కూలీలెవరూ మైదానం ఛాయలకు పోకూడదన్నారట.

“నేనేం జేసిన చెల్లె? రాయి నాకే దాకె, మల్ల రాయి ఇసిరినోడు గూడ నేనేనట.”

తిన్నావా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. రెండు రొట్టెలు చుట్టి ఇచ్చి పంపాను, ఏ మాటా ఇవ్వలేదు. ఇచ్చే ధైర్యం అప్పటికి నాలో లేదు. నా వీసా కూడా ఈ ఇంటి చేతిలోనే ఉంది, ఊళ్లో మా అమ్మ పొయ్యి నా జీతంతోనే వెలుగుతోంది. చెప్పాల్సిందేమో యజమాని సొంత తమ్ముడి మీద. గదిలోకి పోయి పటం ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఇంతకాలం ఇచ్చినదానికి దండం పెట్టుకున్నాను, అంతే. దండం పెట్టుకుంటుంటే ఒకటి మాత్రం తేటగా తెలిసింది. అన్నయ్యను విమానం ఎక్కించాక ఇదే పటం ముందు నేను మళ్లీ కూర్చోలేను. చెప్పి తీరాలి. లేచి ముందు మేడమ్‌కు చెప్పాను. ఆమె, ఆయనకు నా ఎదుటే చెప్పు, నేను నీ పక్కన నిలబడతాను అంది.

బాబా మధ్యాహ్నం నమాజు ముగించి వచ్చి కూర్చున్నాక, నాకు వచ్చిన అరబ్బీలోనే మిద్దె మీద నుంచి చూసిందంతా వరసగా చెప్పాను. తమ్ముడి పేరు వచ్చేసరికి ఆయన మొహం గట్టిపడింది.

“నీ కళ్లతో చూశావా?”

“చూశాను బాబా.”

“ప్రమాణం చేస్తావా?”

“నా దేవుడి మీద చేస్తాను. మీ దేవుడు కూడా వింటాడు.”

చెప్పడానికి లేచినదాన్ని సగంలో కూర్చోదలచుకోలేదు.

“అతిథిని పిలిచినవాడిదే పూచీ అని ఆ రోజు మజ్లిస్‌లో మీరే అన్నారు బాబా. ఆ మాట యూరప్ వాళ్లకేనా, మనకు కూడానా?”

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. బాబా లేచి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. సాయంత్రానికి తెలిసింది, ఆయన నేరుగా అన్నయ్య వాళ్ల క్యాంపుకు వెళ్లి ఫోర్‌మన్‌తో మాట్లాడి, వీసా క్యాన్సిల్ చేసే మాట అక్కడికక్కడే ఆపించాడని. ఆ తర్వాత మా మజ్లిస్‌లోనే పంచాయితీ జరిగింది. తప్పు మావాళ్లదేనని బాబా ముందుగా తనే ఒప్పుకున్నాడు. అతిథి ఊరివాళ్లు మా క్లబ్బును పోటీ నుంచే తీసేయాలన్నారు. మా గోల్‌కీపర్, చేపల పడవ మీద పనిచేసే మనిషి, ఏడాదంతా తెల్లవారుజామున పరుగెత్తింది ఇందుకేనా అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఆట అతిథులు గెలిచినట్టే లెక్క, మిగతా ఆటలు ఖాళీ మైదానంలో ఆడతాం అన్నాడు బాబా. అందరూ సరేనన్నారు.

ఆ కబురు గేటు దగ్గర అన్నయ్యకు చెబితే ఆయన మొహం వాడిపోయింది.

“గట్లయితె మా శుక్రారం గూడ పాయె గద చెల్లె. దెబ్బ మాకే, శిక్ష మాకేనా?”

నిజమే అనిపించింది. ఆ మాటను కూడా మోసుకుపోయి బాబాకు చెప్పాను. ఈసారి ఆయన కొంచెం నవ్వాడు. నువ్వు కమిటీలో చేరవలసిన దానివి అన్నాడు. అతిథి ఊరివాళ్లకు మళ్లీ కబురు పంపి తీర్పు మార్పించాడు. మా వాడ తివాచీలు ఒక్కటి కూడా పరవకూడదు. తనతో సహా క్లబ్బు పెద్దలెవరూ రాకూడదు. తమ్ముడు ఆ ఏడాదంతా మైదానంలో అడుగు పెట్టకూడదు. కూలీల గోడ మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంటుంది. తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. చాలాకాలం ఆ అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఆ బాధ బాబా ఎవరికీ చెప్పుకోలేదు, నన్ను ఒక్క మాట అనలేదు.

అలా వచ్చింది తివాచీలు పరవని శుక్రవారం. మా గోడ వైపంతా వట్టి మట్టి. గాలికి దుమ్ము లేచి, కూర్చునేవాళ్లు లేక, తిన్నగా ఆటలోకి పోయింది. అవతల పిట్టగోడ మాత్రం నిండుగా ఉంది. వాళ్లు మా జట్టు గోల్ వేసినా చప్పట్లు కొట్టారు, అతిథుల జట్టు వేసినా కొట్టారు. అన్నయ్య కట్టు కట్టిన నుదుటితో గోడ మధ్యలో కూర్చున్నాడు. బాబా మెట్ల మీద, మిద్దెకు రెండు మెట్ల కిందనే ఆగిపోయి కూర్చుని, చప్పుడును బట్టి ఆట ఎటు పోతోందో నన్ను అడిగాడు. చూడటానికి తనకు హక్కు లేదన్నాడు. నేను చూసి చెప్పాను, ఆయన విన్నాడు.

ఆట ముగిసింది. ట్రే సిద్ధంగా ఉంది, తీసుకుపోవడానికి మాత్రం మా వైపు మనిషంటూ లేడు. బాబా గేటు దాకా వచ్చి, గోడ మీది అన్నయ్యను చెయ్యి ఊపి పిలిచాడు. రెండు చేతులతో ట్రే ఎత్తి ఆయన చేతిలో పెట్టాడు, మా ఇంటి తరఫున నువ్వే ఇచ్చి రావాలన్నాడు. అన్నయ్యకు అరబ్బీ అంతంత మాత్రమే అయినా విషయం అర్థమైంది. చొక్కా సర్దుకుని, పెళ్లిపెద్దలా నెమ్మదిగా మైదానం దాటి వెళ్లి, అతిథి జట్టు పెద్ద ముందు వంగాడు. ఆ పెద్ద మొదట అన్నయ్య నుదుటి కట్టు చూశాడు, తర్వాత గిన్నె అందుకున్నాడు. ట్రే తిరిగొచ్చేసరికి ఖర్జూరపు గింజలు తప్ప ఏమీ మిగల్లేదు. ఖాళీ ట్రేను అంత సంతోషంగా నేనెప్పుడూ కడగలేదు.

బాబా పోయి చాలా ఏళ్లయింది. అన్నయ్య జగిత్యాలలోనే ఉన్నాడు. పండుగలకు ఫోన్‌లో మాట పంపుతాడు, మన గోడ ఉన్నదా చెల్లె అని అడుగుతాడు. గోడ లేదు, దాని చోట టికెట్ల గేటు వచ్చింది. మా పెద్దమ్మాయి ఇప్పుడు దర్జాగా వెళ్లి ఆట చూసి వస్తుంది. అది చూస్తే నా కడుపు నిండుతుంది, నేను మిద్దె మీద దుప్పటి అడ్డం పెట్టుకుని చూసిన కాలం నుంచి ఇంత దూరం వచ్చాం. ఎవరు రాయి విసిరారో ఇప్పుడు కెమెరాలే చెబుతాయి, ఎవరూ ప్రమాణం చేయనక్కరలేదు. అయినా మొన్న టీవీలో ఆ క్లబ్బు పెద్దలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మా తప్పు కాదు, మా తప్పు కాదు అంటుంటే, తల ముందుగా దించడానికి మెట్ల మీద కూర్చున్న మనిషి ఒక్కడైనా కనబడతాడేమోనని ఆ ఖాళీ కుర్చీల్లో చాలాసేపు వెతికాను.